అప్పు తెచ్చిన గుర్రాలు

పాత అమెరికన్ కారును, ఎక్కువగా ఫోర్డును, తీసుకుని అక్కర్లేని రేకులు ఊడదీసి, బరువు దించి, ఇంజన్ బలం పెంచి పరుగుకు తయారుచేసిన బండిని హాట్ రాడ్ అంటారు. సినిమాల్లో, క్యాలెండర్లలో మన కంటికి ఆనేది దాని నిగనిగలాడే రంగు, బానెట్ లేకుండా బయటపడ్డ ఇంజన్, ఆ ఇంజన్ మీది క్రోము తళుకు. ఈ పూట ఆ తళుకును పక్కన పెట్టి అడుగున ఉన్న పోత ఇనుము సంగతి మాట్లాడుకుందాం. నేను చెప్పదలచింది ఒక్కటే ముక్క. పాత ఇంజన్‌లో పెంచిన ప్రతి గుర్రమూ అప్పు తెచ్చిన గుర్రమే. సిలిండర్ గోడ మందంలోంచి తెస్తాం, చల్లబడే శక్తిలోంచి తెస్తాం, బేరింగు ఆయుష్షులోంచి తెస్తాం. ఊరికే వచ్చింది ఒక్కటీ ఉండదు. ఆ అప్పు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి తెచ్చామో లెక్క తెలిసినవాడి ఇంజన్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తెలియనివాడి ఇంజన్ మొదటి ఎండాకాలంలోనే రోడ్డు పక్కన ఆవిరి కక్కుతూ నిలబడుతుంది. అందుకే ఈ బళ్ల విషయంలో ఇంజన్ కట్టడం ఒక పని, దాన్ని సాకడం మరో పని అనుకోవడం పొరపాటని నా వాదన.

దీనికి రుజువుగా ఒకే ఇంజన్‌ను ముందు పెట్టుకుందాం. 1932 మార్చిలో హెన్రీ ఫోర్డు బజారులోకి దించిన ఫ్లాట్‌హెడ్ వీ8 అది. అంతకుముందు ఎనిమిది సిలిండర్ల ఇంజన్ అంటే ఎక్కువగా కాడిలాక్ లాంటి కార్లు కొనగలిగినవాళ్ల సొత్తు. ఫోర్డు ఆ ఎనిమిది సిలిండర్లనూ, కింద క్రాంకు తిరిగే గదినీ కలిపి ఒకే పోతగా పోయించాడు. ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించే పని తప్పడంతో ధర దిగింది. వీ8 ఉన్న రోడ్‌స్టర్ 460 డాలర్లకే వచ్చింది. 221 ఘనపుటంగుళాల పరిమాణం, అంటే సుమారు 3.6 లీటర్లు. ఇచ్చింది 65 హార్స్‌పవర్. ఇవాళ మన వీధుల్లో తిరిగే 1.2 లీటర్ల చిన్న కారు ఇంజన్ 80 దాటుతోంది కాబట్టి ఆ అంకె విని నవ్వు రావచ్చు. ఆనాటికి మామూలు మనిషి కొనగలిగిన కారులో అంత బలం అరుదు. పైగా ఇంజన్ చాలా తీరుబడిగా పనిచేసేది; కంప్రెషన్ నిష్పత్తి 5.5 మాత్రమే. కుర్రకారు కళ్లు పడింది ఆ తీరుబడి మీదే. ఇంత పెద్ద ఇంజన్ ఇంత మెల్లగా ఊపిరి తీస్తోందంటే ఇంకా తీయించవచ్చు కదా అన్నది వాళ్ల లెక్క.

ఆ లెక్క తేల్చుకోవడానికి వాళ్లకు దక్షిణ కాలిఫోర్నియాలో చోటు దొరికింది. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సులు, పెళుసుబారిన బంకమట్టి మైదానాలు, మైళ్ల పొడవున అడ్డూ ఆపూ లేవు. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడి ఆ పరుగులకు గడియారం పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇంటికొచ్చిన కుర్రాళ్లలో విమానాల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు కొన్ని ఉన్నాయి. యుద్ధ విమానాల కింద వేలాడదీసే పెట్రోలు ట్యాంకులకే చక్రాలు తగిలించి పరిగెత్తించిన ఘనులూ ఉన్నారు. విక్ ఎడెల్‌బ్రాక్ కార్బురేటర్లను మోసే మానిఫోల్డులు పోయించాడు, ఎడ్ ఇస్కెండేరియన్ వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టులు గ్రైండ్ చేశాడు. 1948 జనవరిలో హాట్ రాడ్ పత్రిక మొదటి సంచిక వెలువడింది, మరుసటి ఏడు బానవిల్ ఉప్పు మైదానంలో పోటీలు మొదలయ్యాయి. ఈ చరిత్రను చాలామంది వేగాల పట్టికగా చెబుతారు. నాకు అందులో కనిపించేది ఒకే ఇంజన్ మీద వేల చేతులు సాగించిన పరీక్ష. ఎక్కడ గీకితే ఎంత వస్తుంది, ఎంత గీకితే ఏది పగులుతుంది అనేది పుస్తకంలో రాసి లేదు, ఇనుమే చెప్పింది.

ఆ ఇనుము చెప్పిన మొదటి మాట వేడి. ఈ ఇంజన్‌లో వాల్వులు హెడ్డులో ఉండవు. బ్లాకులోనే, సిలిండర్ పక్కన, తల పైకెత్తి ఉంటాయి. హెడ్డు ఒట్టి మూత, చదునైన పలక. ఫ్లాట్‌హెడ్ అనే పేరు అందుకే. వాల్వులు వీ ఆకారం లోపలి వైపున ఉంటే, పొగ బయటికి పోయే గొట్టాలు బయటి వైపున ఉన్నాయి. అంటే మండిన పొగ సిలిండర్ల నడుమ నుంచి, నీళ్ల గదుల మధ్యగా బ్లాకు అడ్డం దాటి బయటపడాలి. పైగా ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకు మూడే ద్వారాలు; నడిమి రెండింటికీ ఒకటే దారి. పొయ్యి గొట్టాన్ని నీళ్ల తొట్టిలోంచి తీసినట్టు అన్నమాట. ఇంజన్‌ను చల్లబరచాల్సిన నీళ్లు ముందు పొగను చల్లబరుస్తూ కూర్చుంటాయి. మొదటి నాలుగైదేళ్లు నీళ్ల పంపులు హెడ్డుల ముందు ఉండి, వేడి నీటిని పైనుంచి లాగేవి; 1937లో ఫోర్డు వాటిని బ్లాకు ముందుకు దించి, చల్లని నీటిని లోపలికి తోసేలా మార్చాడు. ఇది దారుణమైన డిజైన్ కదా, దీన్ని పట్టుకుని ఎందుకు వేలాడటం అని అడిగేవాళ్లున్నారు. 460 డాలర్ల ధరే దీనికి జవాబు. ఒకే పోతలో ఎనిమిది సిలిండర్లు ఇరికించాలంటే ఎక్కడో సర్దుకోవాలి, వేడి దగ్గర సర్దుకున్నాడు. అంటే ఫ్యాక్టరీ గేటు దాటేసరికే ఈ ఇంజన్ నెత్తి మీద ఒక అప్పు ఉంది. దాని మీద ఇంకా తేబోయేవాడు ముందు ఆ పాత బాకీ సంగతి చూసుకోవాలి. అందుకే అనుభవం ఉన్న పనివాడు పాత బ్లాకు చేతికి రాగానే క్యామ్, కార్బురేటర్ల జోలికి పోడు. నీళ్ల గదుల్లోకి తీగలు, చువ్వలు పెట్టి కెలుకుతాడు. పోత పోసినప్పుడు లోపల మిగిలిపోయిన ఇసుక, అచ్చును పట్టి ఉంచిన ఇనుప తీగ ముక్కలు, డెబ్బై ఎనభై ఏళ్ల తుప్పు కలిసి గట్టిపడి దోసిళ్ల కొద్దీ రాలతాయి. ఒక్క గుర్రం కూడా పెరగని పని అది. పెరగబోయే గుర్రాలన్నీ దాని మీదే నిలబడాలి.

రెండో మాట ఊపిరి. ఈ వాదనలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రుజువు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. బలం పెంచడానికి అందరికీ మొదట తోచే దారి కంప్రెషన్ పెంచడం. హెడ్డును కొంచెం చెక్కిస్తే పైన ఉన్న గది చిన్నదై, పిస్టన్ పైకొచ్చినప్పుడు పెట్రోలు గాలి మరింత బిగువుగా నొక్కుకుంటుంది. వాల్వులు హెడ్డులోనే ఉండే ఓవర్‌హెడ్ వాల్వు ఇంజన్‌లో ఇది చాలావరకు లాభమే. ఫ్లాట్‌హెడ్‌లో మాత్రం గాలి వాల్వు దగ్గర లేచి, పక్కకు తిరిగి, హెడ్డుకూ బ్లాకుకూ మధ్యనున్న సన్నని సందులోంచి సిలిండర్‌లోకి దిగాలి. హెడ్డు చెక్కితే ఆ సందే ఇరుకవుతుంది. నొక్కే బలం పెరిగింది, నొక్కడానికి లోపలికొచ్చే గాలి తగ్గింది. సరే, సందు విశాలం చేద్దామని వాల్వుకూ సిలిండర్‌కూ నడుమ బ్లాకును గీకి పల్లం చేశారు. గాలి బాగా దిగింది; ఆ పల్లమూ గదిలో భాగమే కాబట్టి కంప్రెషన్ మళ్లీ పడిపోయింది. ఈ చేత్తో ఇచ్చింది ఆ చేత్తో లాక్కున్నట్టు. బ్లాకు గీకడం మేలా, గీకకపోవడం మేలా అనే తగవు ఈ వృత్తిలో ఏళ్ల తరబడి సాగింది. సాగడం సహజం, రెండు పక్షాలూ చూపేది ఒకే ఖాతాలోని రెండు పేజీలను. దీన్నుంచి పూర్తిగా తప్పించుకునే దారి ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ చూపించాడు. వాల్వులను పైకి మార్చే అల్యూమినియం హెడ్డులు చేసి, ఇంటిపేర్లోని అక్షరాలతోనే ఆర్డన్ అని పేరు పెట్టాడు. మొదట ఉద్దేశించింది బరువు లాగే ట్రక్కులకు. ఊపిరి కష్టం తీరింది. ఇంజన్ వెడల్పు పెరిగింది, బరువు పెరిగింది, ధర సామాన్యుడికి అందలేదు. అప్పు తీరలేదు, షావుకారు మారాడు.

మూడోది బోరు. మన దగ్గర లారీ పొగ కొట్టి, ఆయిల్ తాగడం మొదలుపెడితే ఇంజన్ బోరుకొచ్చింది అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, ఏ జిల్లా కేంద్రంలోని లేత్ షాపులో గానీ ఈ పని రోజూ నడుస్తూనే ఉంటుంది. అరిగిన సిలిండర్‌ను 20 ఓవర్‌సైజుకో, 40 ఓవర్‌సైజుకో కోసి, ఆ మేరకు పెద్ద పిస్టన్ వేస్తారు. ఇక్కడ కోసేది అరుగుదల పోవడానికి. హాట్ రాడ్ వాడు కోసేది కడుపు పెద్దది చేయడానికి. ఫోర్డు తరువాత 239 ఘనపుటంగుళాలకు పెంచిన ఫ్లాట్‌హెడ్‌లో సిలిండర్ అడ్డుకొలత మూడు అంగుళాల మీద పదహారింట మూడు వంతులు. దాన్ని అంగుళంలో ఎనిమిదో వంతు పెంచి, 1949 నాటి మెర్క్యురీ కారు క్రాంకు తెచ్చి వేస్తే పిస్టన్ నడక మూడు ముప్పావు అంగుళాల నుంచి నాలుగు అంగుళాలవుతుంది, పరిమాణం 276కి చేరుతుంది. 37 ఘనపుటంగుళాలు కలిసొచ్చాయి. వాటి బాకీ రెండు చోట్ల రాసి ఉంటుంది. సిలిండర్ గోడ చుట్టూ అంగుళంలో పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ పైచిలుకు పలచబడింది. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు రవ్వంత జరిగి ఉంటే ఒక పక్క గోడ ముందే పలచన, మరో పక్క మందం. పలచటి పక్క కోత పడితే నీళ్ల గది గోడ కాగితమైపోతుంది. అందుకే ఇప్పుడు కోతకు ముందు ధ్వని తరంగాలతో గోడ మందం కొలుస్తారు, అయస్కాంతమూ ఇనుప పొడీ పెట్టి కంటికానని పగుళ్లు వెతుకుతారు. ఇక రెండో బాకీ పిస్టన్ వేగం. నిమిషానికి 4000 చుట్లు తిరిగేటప్పుడు పాత క్రాంకుతో పిస్టన్ సగటున నిమిషానికి 2500 అడుగులు నడిస్తే, కొత్త క్రాంకుతో 2667 అడుగులు నడుస్తుంది. రింగులకూ గోడకూ రాపిడి ఆ మేరకు ఎక్కువ. అన్ని చుట్లు తిప్పాలా వద్దా అన్నది నడిపేవాడి కాలి కింద ఉంది.

ఇంజన్ కట్టడం అంటే ఖరీదైన సామాను తెచ్చి బిగించడం అనే అపోహ పోవాలంటే బిగించే బల్ల దగ్గర ఒక్క పూట గమనిస్తే చాలు. పనివాడి సమయంలో ఎక్కువ భాగం కొలతకే పోతుంది. అంగుళంలో వెయ్యో వంతును లేత్ షాపుల్లో థౌ అంటారు. మనిషి వెంట్రుక దళసరి అటూ ఇటుగా మూడు థౌలు. క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఆయిల్ నిలవడానికి ఉండాల్సిన సందు, షాఫ్టు అడ్డుకొలతలో అంగుళానికి ఒక థౌ చొప్పున అని పాత లెక్క. బిగించి ఉన్న బేరింగులో గేజు పెట్టి ఆ సందు కొలవడం కష్టం. అందుకని మైనం లాంటి మెత్తని ప్లాస్టిక్ దారం ముక్క క్రాంకు మీద పెట్టి, పైన టోపీ పెట్టి టార్క్ రెంచితో బిగించి, తిప్పకుండా మళ్లీ విప్పుతారు. దారం అణిగి ఎంత వెడల్పుకు పరుచుకుందో కాగితపు కొలబద్దతో చూస్తే సందు ఎంతో తెలుస్తుంది. రెండు థౌలు ఉంటే ఇంజన్ హాయిగా తిరుగుతుంది. అయిదు ఉంటే ఆయిల్ ఒత్తిడి నిలవక కిందనుంచి టకటకలాడుతుంది. తేడా ఒక్క వెంట్రుకంతే. క్యామ్‌కూ వాల్వుకూ నడుమ ఉండే ట్యాపెట్ల కథ ఇంకా ఓపిక పరీక్షిస్తుంది. ఫ్యాక్టరీ ఫ్లాట్‌హెడ్‌లో వాల్వు సందు సరిచేయడానికి తిప్పే మర ఉండదు. వాల్వు కాడ కొసను ఇంత అని అరగదీసి పెట్టాలి. ఎక్కువ అరిగితే వెనక్కి రాదు. హాట్ రాడ్ కట్టేవాళ్లు తిప్పి సరిచేసుకునే ట్యాపెట్లు వేస్తారు. గుర్రాల కోసం వేసే సామాను కాదది, మళ్లీ మళ్లీ ఇక్కడికి రావాల్సి ఉంటుందని ముందే తెలిసి వేసుకునేది. కట్టేటప్పుడే సాకడం మొదలైందని నేననేది దీన్నే.

కార్బురేటర్ల సంగతి రేడియోలోనే చెప్పుకోవాలి, ఎందుకంటే అది చెవితో చేసే పని. స్ట్రాంబర్గ్ 97 అనే చిన్న కార్బురేటర్లు రెండో మూడో వరసగా కూర్చున్న మానిఫోల్డు హాట్ రాడ్‌కి బొట్టు పెట్టినట్టు ఉంటుంది. పరుగులో అన్నీ కలిసి గాలి తాగుతాయి. బండి ఆగి ఐడిల్‌లో ఉన్నప్పుడు చిక్కు. ఒకటి ఎక్కువ తాగి, ఒకటి తక్కువ తాగితే కొన్ని సిలిండర్లు నల్లగా మసిపట్టి, కొన్ని కాలి తెల్లబడతాయి. సరిచేయడానికి ఒక రబ్బరు గొట్టం చాలు. ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బురేటర్ గొంతు దగ్గర పెడితే సన్నని బుస వినిపిస్తుంది. ఒకదాని బుస విని, రెండోదాని బుస విని, రెండూ ఒకే శ్రుతిలో పడేదాకా మరలు పావు చుట్టు, అరపావు చుట్టు తిప్పుతారు. వీణకు తీగ బిగించే ఓపిక కావాలి. ఇదే అధ్యాయంలోకి క్యామ్ షాఫ్టు కూడా వస్తుంది. పరుగుకు తగ్గట్టు కోసిన క్యామ్ గాలిని లోపలికి తెచ్చే వాల్వునూ పొగను బయటికి పంపే వాల్వునూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంచుతుంది. వేగం మీద అది లాభం. నిలబడ్డప్పుడు పొగ వెనక్కి తన్ని ఇంజన్ గుడుగుడుమని తూలుతుంది. హాట్ రాడ్ మోహం ఉన్నవాళ్లకు ఆ తూలుడు సంగీతం. నా చెవికి మాత్రం అది వడ్డీ కడుతున్న చప్పుడు.

ఇప్పుడు అసలైన ఆక్షేపణకు వద్దాం. ఇంత బాధ దేనికి, షెవర్లే వీ8 తెచ్చి పెట్టుకుంటే పోలేదా అంటారు. బలమైన మాటే. 1955లో ఇంజనీరు ఎడ్ కోల్ నేతృత్వంలో వచ్చిన ఆ చిన్న బ్లాకు 265 ఘనపుటంగుళాలతో, ఎవరి చేతులూ పడకుండానే, షోరూములోంచి 162 హార్స్‌పవర్‌తో బయటికొచ్చింది. ఫ్లాట్‌హెడ్ నుంచి అంత రాబట్టాలంటే మంచి పనివాడు నెలలు కూర్చోవాలి. రెండేళ్లు తిరిగేసరికి 283 ఘనపుటంగుళాలకు 283 హార్స్‌పవర్ ఇచ్చే రకం వచ్చింది. వాల్వులు పైన, పొగ దారి పొట్టి, నీళ్లకు భారం తక్కువ. అదే కంపెనీ ఆరు సిలిండర్ల ఇంజన్ కన్నా బరువూ తక్కువే. 2011లో ఆ వంశంలో పదికోట్లవ ఇంజన్ తయారైంది కాబట్టి సామానుకు కొదవ లేదు. 1973లో వచ్చిన అమెరికన్ గ్రాఫిటీ సినిమాలో అందరూ మోజుపడిన పసుపుపచ్చ 1932 ఫోర్డు బానెట్ కింద ఉన్నదీ షెవర్లేయే. ఇంజన్‌కి ఇంజన్‌గా పోలిస్తే ఫ్లాట్‌హెడ్ ఓడిపోయిందని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. అయితే ఆ మార్పుతో అప్పు తీరిందన్నది నేను ఒప్పుకోను, చోటు మారింది. షెవర్లే డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ వెనక ఉంటుంది, 1932 ఫోర్డులో దానికి జాగా లేక ఇంజన్‌కీ సీటుకీ నడుమనున్న రేకు గోడను వెనక్కి గుంట తీయాలి. 65 గుర్రాలకు చేసిన గేరుపెట్టె, వెనక ఇరుసు 200 గుర్రాల తోపుకు నిలవవు. ఫోర్డు కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు వచ్చింది 1939లో; 1932 బండివి కడ్డీలతో లాగే బ్రేకులు. పరుగు పెంచి ఆపుడు పెంచకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే 1939 తరువాతి బ్రేకులు ఊడదీసి తెచ్చి 1932 బండికి వేయడం కాలిఫోర్నియాలో ఇంజన్ పనికి తోబుట్టువైంది.

షెవర్లే కూడా సాకడం నుంచి విముక్తి ఇవ్వలేదు. పాత రకం చదును ట్యాపెట్ల మీద కొత్త క్యామ్ వేసి ఇంజన్ కట్టినప్పుడు, మొదటిసారి స్టార్టు కాగానే దాన్ని ఐడిల్‌లో వదలకూడదు. సుమారు 20 నిమిషాలు 2000 చుట్లకు పైనే ఉంచాలి. క్యామ్ మీదికి ఆయిల్ చేరేది ఎక్కువగా క్రాంకు చిమ్మే చినుకుల వల్లనే. మెల్లగా తిరిగితే చినుకులు చాలవు, మొదటి పావుగంటలోనే క్యామ్ కొమ్ములు అరిగి చదును కావచ్చు. నెలల పని ఇరవై నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోతుంది. ఇంకో చిక్కు కాలం తెచ్చిపెట్టింది. ఆ రాపిడిని తట్టుకునేందుకు పాత ఆయిళ్లలో జింకు, ఫాస్ఫరస్ కలిసిన మందు ధారాళంగా ఉండేది. కొత్త కార్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను అది పాడుచేస్తుందని తగ్గించారు. కొత్త కారుకు మేలైన ఆయిలే పాత క్యామ్‌కు చాలీచాలని తిండి. పెట్రోలుదీ అదే కథ. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలనూ, కార్బురేటర్‌లోని పాత ప్యాకింగులనూ ఉబ్బించి చెడగొడుతుంది. దానిలో ఆక్సిజన్ ఉండటం వల్ల పాత జెట్లతో మిశ్రమం పలచబడుతుంది. మన బంకుల్లోనూ ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు పోస్తున్నారు గనుక పాత అంబాసిడర్, పాత జీపు ఉన్నవాళ్లకు ఈ సంగతి పరాయిది కాదు.

సాకడంలో జనం ఎక్కువగా మోసపోయేది బండి నడపకుండా ఉంచినప్పుడు. షెడ్డులో పెట్టి వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే ఇంజన్ బాగుంటుందనే నమ్మకం ఒకటి అన్ని దేశాల్లోనూ ఉంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ బాగా కాగితే అది ఆవిరై పోతుంది. అయిదు నిమిషాలకే ఆపేస్తే కొంత లోపలే మిగిలి, ఆయిల్‌తో కలిసి, పాలపొంగులా తెల్లటి జిడ్డై, ఆమ్లంగా మారి బేరింగులను తింటుంది. అందుకే ఇలాంటి బండికి ఆయిల్ మార్చాల్సింది మైళ్లు చూసి కాదు, క్యాలెండర్ చూసి. థర్మోస్టాట్ పీకేయడం ఇంకో దురలవాటు. ఇది మనవాళ్లకూ బాగా తెలుసు. వేడెక్కుతోందని దాన్ని తీసి పారేస్తే ఇంజన్ చల్లబడిందనే తృప్తి మిగులుతుంది గానీ, చల్లటి సిలిండర్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాక గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగులు పొడిగా రాసుకుంటాయి. వేడి తగ్గించాలంటే రేడియేటర్, పంపు, బెల్టు, నేను ముందు చెప్పిన ఆ నీళ్ల గదుల ఇసుక చూడాలి. కారణం వదిలేసి కొలిచేవాడిని కొట్టినట్టు థర్మోస్టాట్ మీద పడటం ఎందుకు?

పాత కారును అలాగే కాపాడాలి గాని కోసి, చెక్కి రూపు మారిస్తే చరిత్రను చెరిపినట్టు కాదా అని మరొక ఆక్షేపణ ఉంది. చెడకుండా మిగిలిన అరుదైన బండిని ఇవాళ కోయడం తప్పేనని నేనూ అంటాను. అయితే 1940లలో కుర్రాళ్లు కోసినవాటిలో చాలా పాత సామాను కొట్ల నుంచి తెచ్చినవి; వాళ్లు తీసుకోకపోతే కరిగించేసేవారు. అప్పుడు వాళ్లు చేసిన మార్పులే ఇప్పుడు చరిత్ర. అత్యంత నిష్ఠగల పాత కార్ల ప్రదర్శన పెబుల్ బీచ్‌లో 1997లో హాట్ రాడ్లకు ప్రత్యేక తరగతి పెట్టారు. అక్కడ న్యాయనిర్ణేతలు చూసింది ఆ నాటి మార్పులు ఎంత నిజంగా నిలిచి ఉన్నాయన్నదే. మన దేశంలో ఈ సంప్రదాయం వేళ్లూనకపోవడానికి ఒక కారణం చట్టమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడానికి గట్టి హద్దులు పెట్టింది. రోడ్డు మీద అందరి ప్రాణాలతో ముడిపడ్డ సంగతి కాబట్టి నేను ఆ హద్దును తప్పుపట్టను. కాలిఫోర్నియాలో స్థిరపడి, వారాంతపు ప్రదర్శనల్లో ఈ బళ్లను చూసే తెలుగువాళ్లు ఈసారి క్రోము మీద నుంచి కన్ను తిప్పి హెడ్డు మీది నట్లను చూస్తే బాగుంటుంది.

ఎందుకంటే కట్టడం ఎక్కడ ముగిసి సాకడం ఎక్కడ మొదలవుతుందో తెలియనిచోటు అదే. 1938 తరువాతి ఫ్లాట్‌హెడ్‌కి ఒక్కో హెడ్డుకు 24 స్టడ్లు, రెండింటికీ 48. వాటిలో చాలా వాటి మరలు నీళ్ల గదిలోకి దిగి ఉంటాయి, కాబట్టి బిగించే ముందు ఒక్కోదానికీ జిగురు పూయాలి. మరచినదాని పక్కనుంచి నీరు చెమ్మగిల్లుతుంది. హాట్ రాడ్‌కి వేసేవి అల్యూమినియం హెడ్డులు, కింద ఉన్నది ఇనుప బ్లాకు. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువ సాగుతుంది, చల్లారితే ఎక్కువ కుంచించుకుపోతుంది. నడుమ నలిగే గాస్కెట్ కొంచెం అణుగుతుంది. అందుకే మొదటిసారి ఇంజన్ కాగి చల్లారాక పనివాడు టార్క్ రెంచి తీసుకుని మధ్య నుంచి మొదలుపెట్టి, అంచులకు చుట్టుకుంటూ 48 నట్లూ మళ్లీ బిగిస్తాడు. ఒక్కోటి పావు చుట్టులో సగం కదులుతుంది, కొన్ని అసలే కదలవు. బండిని కాసేపు నడిపి తెచ్చి, షెడ్డులో రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే మధ్య నట్టు దగ్గరికి మళ్లీ వస్తాడు.